టెక్కలి రాతిపొడిలో కంప్యూటర్ బతకాలంటే క్యాబినెట్ ఎలా కట్టాలి?

టెక్కలి నీలిరాయి (టెక్కలి)

అందరికీ నమస్కారం. మాది గ్రానైట్ పలకలు కోసి మెరుగుపెట్టే చిన్న షెడ్డు. పలకలో ఏ ముక్క ఎక్కడ కోస్తే వృథా తగ్గుతుందో చూసుకోవడానికి షెడ్డు పక్క గదిలో ఒక కంప్యూటర్ పెట్టుకున్నాం. ప్రాసెసర్ 65 వాట్లది, దానికి తోడు మధ్యరకం గ్రాఫిక్స్ కార్డు ఒకటి ఉంది. మే నెల వచ్చిందంటే మధ్యాహ్నం భోజనాలు కాగానే ఇది నత్తనడక పడుతుంది, ఒక్కోసారి చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. గది 38 డిగ్రీలు ఉన్నప్పుడు పనేమీ చేయకపోయినా ప్రాసెసర్ 58 చూపిస్తోంది, పని మొదలుపెడితే 100కి చేరుతోంది.

మొన్న ఆదివారం విప్పి చూశాను. హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని గాలికి వదిలే లోహపు దిమ్మె) పలకల మధ్య బూడిదరంగు పొర సిమెంటులా గట్టిపడి ఉంది. నీళ్లు పోస్తూ కోస్తాం కాబట్టి గాలిలో ఎగిరేది పొడి ఒక్కటే కాదు, తుంపర కూడా; రెండూ కలిసి లోపలికి వెళ్లి ఆ వేడికి అక్కడే ఎండిపోతున్నాయి. కొన్న దుకాణంలో అడిగితే ఇంకో రెండు ఫ్యాన్లు బిగించమన్నారు. బిగించాక పొర ఇంకా త్వరగా పేరుకుంది.

రేకు వంచేవారు, వెల్డింగ్ చేసేవారు మా ఊళ్లోనే ఉన్నారు కనుక కొత్త క్యాబినెట్‌ను నేనే గీసి చేయించుకోవాలని ఉంది. అయితే నీటితో చల్లబరిచే సెట్టు కొనమని ఒకరు, అసలు గాలే చొరబడని పెట్టె చేయమని మరొకరు అంటున్నారు. దేనిమీద డబ్బు పెట్టాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

రాజాం మెయింటెనెన్స్ (రాజాం)

నీలిరాయి గారికి నమస్కారం. నేను జూట్ మిల్లులో మెయింటెనెన్స్ పని చూస్తాను. మాకు నారపీచు శత్రువు, మీకు రాతిపొడి. రెండింటి స్వభావం వేరు. పీచు హీట్‌సింక్ ముందు కంబళిలా పరుచుకుంటుంది, చేత్తో ఒలిచి తీసేయవచ్చు. రాతిపొడి అలా ఆగదు, సందుల్లోకి దిగిపోతుంది, అందులోని క్వార్ట్జ్ ఫ్యాన్ బేరింగ్‌ను అరగదీస్తుంది కూడా.

మీరు కొత్తగా బిగించిన రెండు ఫ్యాన్లూ గాలిని బయటికి లాగేవే అయి ఉంటాయి. లోపలి గాలి బయటికి పోతున్నకొద్దీ ఆ లోటు పూడ్చడానికి బయటి గాలి క్యాబినెట్‌కు ఉన్న ప్రతి కంతలోంచి, యూఎస్‌బీ రంధ్రాల చుట్టుపక్కల నుంచి, పాత సీడీ డ్రైవు మూత అంచులోంచి కూడా దూరుతుంది. ఆ కంతలకు వడపోత ఏదీ ఉండదు. దీన్ని తిరగేయండి. లోపలికి ఊదే ఫ్యాన్ల బలం బయటికి లాగేవాటికంటే ఎక్కువగా ఉండాలి, ఊదేవన్నీ ఒకే ఫిల్టర్ గుండా పీల్చుకోవాలి. అప్పుడు ప్రతి సందు నుంచీ గాలి బయటికే వస్తుంది. సరిచూసుకోవడానికి పరికరమేమీ అక్కర్లేదు, అగరువత్తి వెలిగించి సందుల దగ్గర తిప్పండి. పొగ లోపలికి వంగిందంటే లెక్క తప్పినట్టే.

విజయనగరం మాస్టారు (విజయనగరం)

కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని కనుక కాస్త లెక్కతో మొదలుపెడతాను, విసుక్కోకండి.

ప్రాసెసర్‌లో పుట్టిన వేడి గదిలోకి చేరేలోపు వరుసగా కొన్ని గడపలు దాటాలి. చిప్పు నుంచి దాని మూతకు, మూత నుంచి మధ్యలో పూసే థర్మల్ పేస్టు మీదుగా హీట్‌సింక్‌కు, హీట్‌సింక్ నుంచి క్యాబినెట్ లోపలి గాలికి, ఆ గాలి నుంచి గదికి. ఒక్కొక్క వాటు వేడి దాటడానికి ఎన్ని డిగ్రీల తేడా కావాలన్నదే ఆ దారి నిరోధం. మంచి స్థితిలో ఉన్న ఒక మామూలు హీట్‌సింక్‌కు, పేస్టుతో కలిపి, ఇది వాటుకు 0.5 డిగ్రీ అనుకుందాం. 65 వాట్లకు 32 డిగ్రీలు పైకి లేస్తుంది. క్యాబినెట్ లోపలి గాలి గదికంటే 10 డిగ్రీలు ఎక్కువ ఉంటే 38, 10, 32 కలిపి 80 దగ్గర ఆగాలి. మీకు 100 వస్తోందంటే పొర కట్టడం వల్ల హీట్‌సింక్ నిరోధం పెరిగింది, గాలి ఆడక లోపలి వేడీ పెరిగింది. ఆ స్థాయికి చేరాక ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పటికీ వేడి తగ్గకపోతే యంత్రం ఆగిపోతుంది. మీరు చెప్పిన నత్తనడక అదే.

ఇక నీటి సంగతి. నీటి సెట్టు అనగానే ఫ్రిజ్‌లా చల్లదనం పుట్టిస్తుందని చాలామంది అనుకుంటారు. నీరు వేడిని మోసే కూలీ మాత్రమే. మోసుకుపోయి రేడియేటర్ దగ్గర మళ్లీ ఆ గది గాలికే అప్పగిస్తుంది. కూలీ గట్టివాడే, కాదనను. మీ యంత్రం మొత్తం 200 వాట్లు వదులుతోందనుకోండి, 10 డిగ్రీలు మించి వేడెక్కకుండా దాన్ని గాలితో బయటికి పంపాలంటే సెకనుకు సుమారు 17 లీటర్ల గాలి కదలాలి. అదే పని నీరు చేయాలంటే సెకనుకు ఒక టీస్పూను చాలు. కానీ చివరికి ఆ టీస్పూను నీటినీ చల్లార్చవలసింది ఆ 17 లీటర్ల గాలే. రేడియేటర్ పలకలు హీట్‌సింక్ పలకలకంటే దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి మీ రాతిపొడి వాటిని మరింత త్వరగా పూడ్చేస్తుంది.

ప్రాసెసర్ మీద బిగించే మంచి గాలి కూలర్లలో ఉండే రాగి హీట్‌పైపులు కూడా లోపల నీటితోనే పనిచేస్తాయని ఎక్కువమందికి తెలియదు. పైపులో గాలి తీసేసి కొద్దిగా నీరు ఉంచి మూసేస్తారు. పీడనం తక్కువ కాబట్టి ఆ నీరు తక్కువ వేడికే ఆవిరై, చల్లని కొసకు పరుగెత్తి, అక్కడ వేడిని వదిలి మళ్లీ నీరవుతుంది. ఇడ్లీ పాత్ర మూత తీసేటప్పుడు చేతికి తగిలే ఆవిరి మరిగే నీటికంటే ఎక్కువగా కాలుస్తుంది కదా, ఆవిరి నీరయ్యేటప్పుడు వదిలే ఆ గుప్తోష్ణమే ఇక్కడా పని చేస్తుంది. తిరిగి వచ్చే నీటిని గోడకు అంటించిన రాగిపొడి పొర దీపపు వత్తి నూనెను పీల్చినట్టు వేడి కొసకు లాక్కుంటుంది. జనరల్ మోటార్స్‌లో పనిచేసిన రిచర్డ్ గాగ్లర్‌కు ఈ ఊహ మీద 1944లో పేటెంటు వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్ దాన్ని విడిగా మళ్లీ కనిపెట్టి, హీట్‌పైప్ అన్న పేరు పెట్టారు. పంపు లేదు, కదిలే భాగం లేదు, కారేది లేదు. నా మటుకు కంప్యూటర్లను చల్లబరిచే విద్యలో దీనికి మించిన ఆవిష్కరణ లేదు.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

మాస్టారి లెక్క బాగుంది. అయినా గాలినే నమ్ముకుంటే పొడి తప్పదు కదా అన్నది నా సందేహం. 1985లో వచ్చిన క్రే-2 సూపర్ కంప్యూటర్‌లో సర్క్యూట్ బోర్డులన్నింటినీ విద్యుత్తు ప్రవహించని ఫ్లోరినర్ట్ అనే ద్రవంలో ముంచి ఉంచారు. ఇప్పుడు డేటా సెంటర్లలో కూడా బోర్డులను ద్రవంలో ముంచే పద్ధతి మళ్లీ వస్తోంది. నీలిరాయి గారు రేకు తొట్టె చేయించి, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ పోసి మదర్‌బోర్డును అందులో దించేస్తే పొడి బెడద శాశ్వతంగా వదులుతుంది కదా? నేను ఇంజినీరింగ్ చివరి ఏడాది విద్యార్థిని, పొరపాటైతే మన్నించగలరు.

ఆమదాలవలస కాయిల్ (ఆమదాలవలస)

తమ్ముడూ, ట్రాన్స్‌ఫార్మర్లు విప్పి చుట్టడమే నా పని కాబట్టి ఈ నూనెతో నాకు రోజూ తగవే. అందులో బోర్డు పనిచేస్తుందన్నది నిజం, చేసి చూపించినవారు ఉన్నారు. అయితే పైకి వచ్చే ప్రతి కేబులూ లోపలి తీగల మధ్యనుంచి నూనెను పైకి లాగుతుంది, నెల తిరిగేసరికి బల్ల మీద మానిటర్ కేబుల్ కొస నుంచి బొట్లు పడతాయి. పీవీసీ తొడుగులు కొన్నాళ్లకు బిరుసెక్కి పగులుతాయి. గాలి రంధ్రం ఉండే మామూలు హార్డ్ డిస్కును ముంచకూడదు. ఒక ర్యామ్ మార్చాలన్నా నూనె ఓడుతున్న బోర్డును బయటికి తీయాలి, పక్కనే వెల్డింగ్ నిప్పురవ్వలు ఎగిరే షెడ్డులో ఆ పని చేయమని నేను ఎవరికీ చెప్పను. అంతకూ తొట్టెలో నూనె వేడెక్కిన తరువాత దాన్ని చల్లార్చడానికి మళ్లీ రేడియేటరే కావాలి, మాస్టారు చెప్పిన మాట అక్కడికీ వస్తుంది.

నువ్వు చెప్పిన ఫ్లోరినర్ట్ తయారుచేస్తూ వచ్చిన 3ఎం సంస్థ ఆ జాతి రసాయనాలన్నింటి తయారీని 2025 చివరికల్లా మానుకుంటామని 2022 డిసెంబరులోనే ప్రకటించింది. ప్రకృతిలో విచ్ఛిన్నం కాకుండా ఉండిపోతాయన్నదే వాటిమీద ఉన్న అభ్యంతరం.

సోంపేట ఉప్పుగాలి (సోంపేట)

ఎవరో ఒకరు పెల్టియర్ పలక పెట్టమంటారని ఎదురుచూస్తున్నాను, వారు అనకముందే అడ్డుపడుతున్నాను. రెండు లోహాల అతుకు గుండా విద్యుత్తు పంపితే ఒకవైపు చల్లబడి మరోవైపు వేడెక్కుతుందని పెల్టియర్ 1834లో గమనించారు. ఆ సూత్రంతో చేసిన పలకలు బజారులో చవకగా దొరుకుతాయి. నేను రెండేళ్ల క్రితం ఒకటి కొని ప్రాసెసర్ మీద కూర్చోబెట్టాను. అది తన పనికి తీసుకునే కరెంటంతా వేడిగా మారి వెనకవైపు చేరుతుంది కాబట్టి అంతకంటే పెద్ద హీట్‌సింక్ కావలసివచ్చింది. దానికీ ఓర్చుకునేవాణ్ని. మా తీరంలో జూలై, ఆగస్టు నెలల్లో గాలిలోని తేమ 26 డిగ్రీల దగ్గరే నీరుగా మారడం మొదలుపెడుతుంది. యంత్రానికి పని లేని వేళ ఆ పలక అంతకంటే చల్లబడి, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాలా చెమర్చి, సాకెట్‌లోకి నీరు దించింది. ఆ మదర్‌బోర్డు ఇప్పటికీ అటక మీద ఉంది.

గాలి కూలర్ ఎంత ప్రయత్నించినా గదికంటే చల్లబడలేదు, కాబట్టి చెమర్చదు. మన ప్రాంతంలో ఇది లోపం కాదని, రక్షణ అని నాకు ఆ నష్టం తరువాత తెలిసింది.

బుడితి మూస (సారవకోట)

నాది కొంచెం పక్కదారి ప్రశ్న కావచ్చు. బుడితిలో మావారు తరతరాలుగా ఇత్తడి, కంచు పోతపోస్తారు. హీట్‌సింకులన్నీ అల్యూమినియంతోనో రాగితోనో వస్తున్నాయి. మూస కట్టి ఇత్తడితో ఒక మంచి హీట్‌సింక్ పోస్తే, పూర్తి క్యాబినెట్టే ఇత్తడితో చేస్తే పనికివస్తుందా?

విజయనగరం మాస్టారు (విజయనగరం)

మంచి ప్రశ్న, పక్కదారి అని ఎందుకనుకుంటారు? వేడిని నడిపించే శక్తిలో స్వచ్ఛమైన రాగికి 400 మార్కులు వేస్తే అల్యూమినియంకు 235 చిల్లర వస్తాయి, మామూలు ఇత్తడికి 110 నుంచి 120 మధ్య వస్తాయి. రాగిలో తుత్తునాగం కలిసేసరికి వాహకత మూడో వంతు కూడా మిగలదు, తగరం ఎక్కువగా ఉండే కంచుకు ఇంకా తక్కువ. అందుకని ప్రాసెసర్ మీద కూర్చునే దిమ్మెకు ఇత్తడి వద్దు. పైగా హీట్‌సింక్ పలక కాగితంలా పలచగా ఉండాలి, అంత పలచన పోతలో కష్టం. కానీ క్యాబినెట్ వేరు. ఫ్యాన్లు ఉన్న యంత్రంలో వేడంతా గాలితో పోతుంది, క్యాబినెట్ గోడ గుండా పోయేది స్వల్పం. అక్కడ ఇత్తడైనా ఇనుప రేకైనా పెద్ద తేడా రాదు, బొబ్బిలి వీణకు వాడే పనస కలపైనా ఫరవాలేదు. కలపతో చేస్తే ఎర్తింగ్‌కూ రేడియో తరంగాలను ఆపడానికీ లోపల రేకు తొడగాలి, అంతే. ముఖద్వారానికి మీ ఇత్తడి జాలీ చేసిపెడితే మొదట నేనే కొంటాను.

పేస్టు గురించి ఒక ముక్క. అదే కొలతలో మంచి పేస్టుకు 10 మార్కులు కూడా కష్టమే, గాలికి 0.03 లోపే. లోహాల మధ్య గాలిని తరిమేయడానికే పేస్టు పూస్తాం, కాబట్టి అట్టు మీద నెయ్యి రాసినంత పలచగా చాలు, గారెల పిండిలా పెట్టనక్కర్లేదు.

టెక్కలి నీలిరాయి (టెక్కలి)

మీరందరూ ఇంత శ్రద్ధగా చెబుతారని అనుకోలేదు. నీటి సెట్టు ఆలోచన, నూనె తొట్టె ఆలోచన రెండూ మానుకున్నాను. హీట్‌పైపులున్న గాలి కూలర్ ఒకటి తెప్పిస్తున్నాను. కంప్యూటర్‌ను దూరపు గదిలో పెట్టమని ఇంట్లో అంటున్నారు కానీ మామూలు యూఎస్‌బీ కేబుల్ 5 మీటర్లు దాటితే నమ్మకం ఉండదు, కోతపనివారికి తెర ఎదురుగా ఉండాలి, కాబట్టి అక్కడే ఉంచుతాను. వేడిగాలి పైకి పోతుంది కదా, అందుకని క్యాబినెట్‌ను నిలువు పొగగొట్టంలా చేసి, అడుగున ఫిల్టర్, నెత్తిన జాలీ పెట్టి గీశాను. బొమ్మ జతచేశాను, తప్పులు చెప్పండి.

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

ఈసారి చదువుకునే వచ్చాను. పొగగొట్టం ఆలోచనను ఆపిల్ సంస్థ 2000లో పవర్ మాక్ జీ4 క్యూబ్‌లో వాడింది. ఫ్యాన్ లేకుండా అడుగునుంచి గాలి ఎక్కి నెత్తిన బయటికి వచ్చేది. ఏడాదికే దాని అమ్మకం ఆపేశారు. తక్కువ వేడి ఉన్నచోట అది నడుస్తుంది, కానీ వేడిగాలి తనంత తాను ఎక్కే బలం చిన్న ఫ్యాన్ బలం ముందు చాలా తక్కువ. ఫ్యాన్ పెట్టిన తరువాత పైకి ఊదినా పక్కకు ఊదినా తేడా స్వల్పమే.

గాలిదారి తిన్నగా ఉండటం మాత్రం ముఖ్యం. క్యాబినెట్ లోపల ఏ భాగం ఎక్కడ కూర్చోవాలో చెప్పే, మనం వాడే ఏటీఎక్స్ అమరికను ఇంటెల్ 1995లో తెచ్చింది. అప్పటికి ప్రాసెసర్ల వేడి తక్కువ, అందుకని గాలి క్యాబినెట్‌లో ఎన్ని మలుపులు తిరిగినా ఇబ్బంది రాలేదు. 2004 నాటి పెంటియం 4 రకాలు 100 వాట్లు దాటేసరికి ఇంటెల్ బీటీఎక్స్ అనే కొత్త అమరికను ముందుకు తెచ్చింది. ముందునుంచి వచ్చే చల్లగాలి మొదట ప్రాసెసర్‌ను, ఆ వరుసలోనే గ్రాఫిక్స్ కార్డును తాకి వెనక్కి పోవాలన్నది అందులో ఊహ. ఊహ చక్కనిదే. కానీ 2006 నాటికి తక్కువ వేడితో పనిచేసే కోర్ అనే రకం ప్రాసెసర్లు వచ్చాయి, బీటీఎక్స్ అవసరం తీరిపోయింది, ఇంటెల్ దాన్ని వదిలేసింది. తయారీదారులకు అక్కర్లేకపోయినా నీలిరాయి గారికి అది పనికివస్తుందని నా అభిప్రాయం. సొంతంగా రేకు వంచుకునేటప్పుడు ఫ్యాన్, ప్రాసెసర్ కూలర్, వెనక జాలీ ఒకే గీత మీద ఉండేలా చేసుకోవచ్చు.

రాజాం మెయింటెనెన్స్ (రాజాం)

బొమ్మ చూశాను. అడుగున ఫిల్టర్ వద్దండి, నేల తుడిచినప్పుడల్లా లేచే పొడి మొదట అక్కడికే వస్తుంది. బల్ల ఎత్తులో, ముందు గోడకు పెట్టండి.

ఫిల్టర్ ఫ్యాన్ అంత ఉంటే చాలదు. కంప్యూటర్ ఫ్యాన్ ఊపిరి చాలా చిన్నది. 120 మిల్లీమీటర్ల మామూలు ఫ్యాన్ నిలబెట్టగల పీడనం నీటిమట్టం లెక్కలో 1 నుంచి 3 మిల్లీమీటర్లే. దట్టమైన ఫిల్టర్‌ను దాని మూతికి అంటిస్తే ఊపిరాడక శబ్దం చేస్తుంది తప్ప గాలి రాదు. వైశాల్యం పెంచితే గాలి నెమ్మదిగా దాటుతుంది, అడ్డు తగ్గుతుంది, పొడి పేరుకోవడానికీ ఎక్కువ చోటు దొరుకుతుంది. కారు ఏసీలో వేసే మడతల ఫిల్టర్ శ్రీకాకుళంలో ఏ విడిభాగాల దుకాణంలోనైనా దొరుకుతుంది. మడతలు విప్పితే దాని వైశాల్యం పైకి కనిపించేదానికి ఎన్నో రెట్లు. ఫిల్టర్‌కూ ఫ్యాన్లకూ మధ్య నాలుగు వేళ్ల ఖాళీ అర ఉంచండి, అప్పుడు ఫిల్టర్ అంతటినుంచీ గాలి సమంగా వస్తుంది.

ఫ్యాన్లు ఒకటికి రెండు పెట్టి నెమ్మదిగా తిప్పండి. వేగం సగానికి తగ్గిస్తే గాలి సగమవుతుంది, కరెంటు ఖర్చు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, శబ్దం బాగా తగ్గుతుంది. అయితే పీడనం నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే ఫిల్టర్ పెద్దది కావాలని ఇంతగా చెబుతున్నాను. శుభ్రం చేసేటప్పుడు బ్లోయర్ గాలికి ఫ్యాన్ గిరగిరా తిరగకుండా రెక్కను వేలితో పట్టుకోండి, ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి కంప్యూటర్‌కంటే మీ ఊపిరితిత్తులకు ఎక్కువ చేటు.

చీపురుపల్లి దస్తావేజు (చీపురుపల్లి)

ఈ పెట్టెకు పేటెంటు తీసుకోవచ్చా అని నీలిరాయి గారు నాకు విడిగా రాశారు, జవాబు అందరికీ పనికివస్తుందని ఇక్కడ పెడుతున్నాను. మన దేశంలో పేటెంటు దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు నడుస్తుంది, దానికి ఆలోచన కొత్తదై ఉండాలి, ఆ విద్య తెలిసినవారికి తేలిగ్గా తట్టేది కాకూడదు. ఫిల్టర్, ఫ్యాను, రేకు కూర్చడం ఆ గడప దాటదని నా ఉద్దేశం. ఆకారం కొత్తదైతే 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదుకు అవకాశం ఉండేది. ఉండేది అని ఎందుకంటున్నానంటే, దరఖాస్తు చేయకముందే బొమ్మను మీరే ఇక్కడ అందరికీ చూపించేశారు.

చిన్నదని కొట్టిపారేయవద్దు. నీటి సెట్టులో పంపును, ప్రాసెసర్ మీది రాగి దిమ్మెను ఒకే ముక్కగా కలిపినందుకు డెన్మార్క్‌కు చెందిన ఎసెటెక్ 2012లో అమెరికా పేటెంటు పొంది, దానిమీద పోటీదారులతో కోర్టులకెక్కింది.

టెక్కలి నీలిరాయి (టెక్కలి)

ఆరు వారాల తరువాత వస్తున్నాను. క్యాబినెట్ తయారైంది. ముందు గోడకు కారు ఫిల్టర్, నాలుగు వేళ్ల అర, 120 మిల్లీమీటర్ల ఫ్యాన్లు రెండు లోపలికి, వెనక ఒకటి బయటికి. కూలర్ సరిగ్గా వాటి గీతలో ఉంది. తలుపు అంచులకు కిటికీ రబ్బరు అంటించాను. మొదటి రోజు అగరువత్తి పొగ వెనక గ్రాఫిక్స్ కార్డు బిళ్ల దగ్గర లోపలికి వంగింది. వెనక ఫ్యాన్ వేగం తగ్గించేసరికి బయటికి మళ్లింది. గది 37 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం రెండు గంటలపాటు పూర్తి పని పెట్టి చూస్తే ప్రాసెసర్ 79 దగ్గర నిలిచింది, వేగం ఒక్కసారి కూడా తగ్గలేదు. ఫిల్టర్ బయటివైపు నీలిబూడిద రంగుకు తిరిగింది, వారానికొకసారి దులుపుతున్నాను. హీట్‌సింక్ పలకల మధ్య వేలు పెట్టి రాస్తే వేలికి ఏమీ అంటలేదు.

కానీ నిన్న ఎస్‌ఎంపీఎస్ (యంత్రానికి కరెంటు అందించే పెట్టె) నుంచి కరకరమని శబ్దం మొదలైంది. విప్పితే లోపల పాత సిమెంటు పొరే కనిపించింది. దాని ఫ్యాన్ అడుగునున్న రంధ్రాల నుంచి విడిగా గాలి పీలుస్తుందన్న సంగతి నాకు తట్టలేదు.

రాజాం మెయింటెనెన్స్ (రాజాం)

ఆ మాట ముందే చెప్పవలసింది నేను, పొరపాటు నాది. ఎస్‌ఎంపీఎస్‌ను తిరగేసి, దాని ఫ్యాన్ ముఖం పైకి, అంటే క్యాబినెట్ లోపలికి ఉండేలా బిగించండి, అడుగు రంధ్రాలకు రేకు అతకండి. అప్పుడు అది వడకట్టిన గాలినే పీలుస్తుంది. అయితే లోపలి వెచ్చని గాలి పీలుస్తుంది కాబట్టి దాని వేడి కొంచెం పెరుగుతుంది, పైగా అదీ గాలిని బయటికి లాగే ఫ్యాన్ అయిపోతుంది. అందుకని వెనక ఫ్యాన్‌ను పూర్తిగా తీసేసి మళ్లీ అగరువత్తి పెట్టి చూడండి. కరకరలాడుతున్న ఆ ఫ్యాన్ బేరింగ్ అరిగిపోయింది, ఇక బాగుపడదు. మూత తీసి మీరే మార్చాలని చూడకండి, ప్లగ్గు పీకేశాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. పని తెలిసినవారికి ఇచ్చి మార్పించండి.

టెక్కలి నీలిరాయి (టెక్కలి)

సరేనండి, రేపు షెడ్డుకు సెలవు. తిప్పి బిగించి సాయంత్రానికి పొగ ఎటు పోయిందో రాస్తాను.